ఎన్ని బిట్లు కావాలి? లెక్కకి తగ్గ యంత్రం కథ

ఆ మధ్య ఆఫీసులో నేను రాసిన కోడ్ చూస్తూ మా సీనియర్ ఒకాయన, "ఇక్కడ డబుల్ ఎందుకు పెట్టావ్?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. "అందరూ అదే వాడతారు కదండీ" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు మాత్రం నన్ను ఊరుకోనివ్వలేదు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి, ఇన్నేళ్ళుగా ఉద్యోగం వెలగబెడుతూ, ఒక సంఖ్యకి 64 బిట్లు ఎందుకిచ్చానో చెప్పలేకపోయాను. పైగా అక్కడ సెన్సర్ నుంచి వచ్చే రీడింగే 12 బిట్లు!

మన పెద్దవాళ్ళు బియ్యాన్ని మానికతో కొలిచేవారు, బంగారాన్ని గురిగింజలతో తూచేవారు. బియ్యం బస్తాని గురిగింజలతో తూచమంటే పిచ్చివాడి కింద జమకడతారు. కంప్యూటర్ ముందు కూర్చునేసరికి మాత్రం మనం చేసేది అదే. గదిలో ఉష్ణోగ్రతకీ 64 బిట్లే, గ్రహాల మధ్య దూరానికీ 64 బిట్లే. కారణం సులువే. ప్రాసెసర్‌లో కూడే సర్క్యూట్, గుణించే సర్క్యూట్ ఏ కొలతలో ఉండాలో ఫ్యాక్టరీలోనే నిర్ణయమైపోతుంది. మన లెక్కకి 13 బిట్లు చాలు మొర్రో అన్నా వినేవాడు లేడు. రెడీమేడ్ చొక్కా లాంటిదన్నమాట, చేతులు పొడుగైతే మడుచుకోవాలి.

అలా కాకుండా లెక్కకి కొలతలు తీసుకుని దానికి తగ్గట్టు యంత్రాన్ని కుట్టుకుంటే? ఆ ప్రశ్న పట్టుకుని తవ్వితే చాలా పాత కథే బయటపడింది.

మొదటి పేరు జాక్ వోల్డర్. 1956 ప్రాంతంలో అమెరికాలో కాన్వెయర్ అనే విమానాల కంపెనీలో పనిచేసేవాడు. బీ-58 అనే బాంబర్ విమానంలో దారి చూపించే పరికరం కోసం సైన్, కొసైన్ లాంటివి ఎప్పటికప్పుడు లెక్కకట్టాలి. అప్పటి డిజిటల్ సర్క్యూట్లలో గుణకారం చాలా ఖరీదైన వ్యవహారం. అందుకని ఆయన గుణకారమే లేకుండా, కేవలం కూడికలూ బిట్లని పక్కకి జరపడాలతో కోణాలు తిప్పే ఒక పద్ధతి కనిపెట్టి 1959లో ప్రచురించాడు. దాని పేరు కార్డిక్. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌లో ఈ కుటుంబానికి చెందిన పద్ధతే ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఉన్న యంత్రానికి లెక్కని సర్దడం కాకుండా, ఆ లెక్క కోసమే ఒక సర్క్యూట్‌ని ఆలోచించాడు.

రెండో పేరు జెరాల్డ్ ఎస్ట్రిన్. ప్రిన్స్‌టన్‌లో వాన్ నాయ్‌మన్ బృందంలో కంప్యూటర్ కట్టినవాడు, తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళి అక్కడి తొలి కంప్యూటర్ వైజాక్ కట్టించినవాడు. (మన వైజాగ్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు లెండి.) 1960లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో ఉండగా ఆయన ఒక ప్రతిపాదన చేశాడు. కంప్యూటర్‌ని రెండు భాగాలు చేద్దాం. ఒక భాగం మామూలు కంప్యూటర్, అది మారదు. రెండో భాగం లెక్కని బట్టి మారిపోతుంది. దీనికి ఆయన పెట్టిన పేరు 'ఫిక్స్‌డ్ ప్లస్ వేరియబుల్' యంత్రం. 1962లో ఆయనా మరో ఇద్దరూ కలిసి లాగరిథమ్, ఎక్స్‌పొనెన్షియల్ లాంటి ఫంక్షన్లని ఈ మారే యంత్రం మీద ఎలా లెక్కకట్టొచ్చో ఒక పేపర్ రాశారు. అంటే లెక్కకి తగ్గ యంత్రం అనే ఆలోచనకి అరవై ఏళ్ళు దాటాయి.

మరి ఏమైంది? మారడం అంటే అప్పట్లో మనిషి చేత్తో సర్క్యూట్ బోర్డులు పీకి వేరేవి గుచ్చడం, తీగలు మార్చడం. ఆలోచన వచ్చేసింది, దాన్ని మోసే చిప్ రాలేదు. అది రావడానికి పాతికేళ్ళు పట్టింది.

ఇక 1985. ఈ సంవత్సరం నాకు భలే ఆశ్చర్యంగా అనిపిస్తుంది. ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా ఉండే రెండు పనులు అదే ఏడాది జరిగాయి.

మొదటిది, ఐఈఈఈ 754 అనే స్టాండర్డ్. దానికి ముందు దశాంశ లెక్కల విషయంలో ఏ కంపెనీ కంప్యూటర్ దారి దానిది. ఐబీఎం ఒక రకం, డెక్ ఇంకో రకం, క్రే మరో రకం. ఒకే ప్రోగ్రామ్‌ని రెండు కంప్యూటర్ల మీద నడిపితే రెండు జవాబులు. మన ఊళ్ళల్లో ఒక సంతలో శేరు ఒకలా, పక్క సంతలో ఇంకోలా ఉన్నట్టు. విలియం కాహన్ అనే గణితవేత్త ముందుండి ఈ గోలకి ఒక తీర్పు చెప్పించాడు. ఫ్లోటింగ్ పాయింట్ అంటే 32 బిట్లు లేదా 64 బిట్లు, గుండుసున్నా చేసేటప్పుడు ఇలా చెయ్యాలి, సున్నాతో భాగిస్తే ఇలా జరగాలి అని. 1989లో ఆయనకి ట్యూరింగ్ అవార్డ్ ఇచ్చారు. నేను కళ్ళు మూసుకుని పెట్టిన డబుల్ ఈ స్టాండర్డ్‌లోదే.

రెండోది, జైలింక్స్ అనే కొత్త కంపెనీ విడుదల చేసిన ఎక్స్‌సీ2064 అనే చిప్. ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏ ఇదే అంటారు. దీని వెనక ఉన్న మనిషి రాస్ ఫ్రీమన్. చిప్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ వృథా అయినా పాపం అని ఇంజనీర్లందరూ అనుకునే రోజుల్లో, ట్రాన్సిస్టర్లు రానురాను చవకైపోతాయి, కాబట్టి వాటిని ధారాళంగా ఖర్చుపెట్టి మార్చుకోగల చిప్ చేద్దాం అన్నాడు. పాపం తన ఆలోచన ఎంత దూరం వెళ్ళిందో చూడకుండానే 1989లో చనిపోయాడు.

ఒకటేమో అందరికీ ఒకే కొలత అంటుంది. రెండోది ఎవరి కొలత వాళ్ళు తీసుకోండి అంటుంది. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టిన కవలలు.

ఈ ఎఫ్‌పీజీఏ లోపల ఏముంటుందో కాస్త చెప్పాలి. కాలేజీ ల్యాబ్‌లో మేమూ దీని మీద వీహెచ్‌డీఎల్‌లో 4 బిట్ల యాడర్ రాశాం, రికార్డ్‌లో బొమ్మ గీశాం, వైవా అయ్యాక మర్చిపోయాం. ఇప్పుడు చూస్తే ఎంత సింపుల్‌గా ఉందో! అందులో ఉండేవి చిన్న చిన్న ఎక్కాల పుస్తకాలు. ఎక్కాలు వచ్చినవాడు ఏడెనిమిదులు ఎంతరా అంటే లెక్కకట్టడు, యాభయ్యారు అనేస్తాడు కదా, అలాగే. నాలుగు తీగలు లోపలికి వస్తాయి. నాలుగు తీగల మీద సున్నాలూ ఒకట్లూ రాగల పద్ధతులు 16. ఒక్కోదానికీ జవాబు ఏమిటో ముందే రాసి ఉంటుంది. దీన్నే లుకప్ టేబుల్ అంటారు. ఆ మొదటి చిప్‌లో ఇలాంటి బ్లాకులు 64. వాటి మధ్య తీగలు, తీగల మధ్య స్విచ్చులు. పుస్తకంలో ఏం రాయాలి, ఏ స్విచ్ వెయ్యాలి అన్నది మెమరీలో బిట్లుగా ఉంటుంది. ఆ బిట్లు మారిస్తే సర్క్యూట్ మారిపోతుంది. పొద్దున్న గుణకారం చేసిన చిప్పే సాయంత్రానికి వర్గమూలాలు తీస్తుంది. ఎస్ట్రిన్ చేత్తో చేయించాలనుకున్న పని ఇదే.

ఇక్కడ ప్రోగ్రామ్ అంటే ఇది చేసి తర్వాత అది చెయ్యి అనే జాబితా కాదు. అదొక సర్క్యూట్ పటం. రాసినవన్నీ ఒకేసారి నడుస్తాయి. అందుకే బిట్ల లెక్క ఇక్కడ డబ్బు లెక్క లాంటిది. కూడికకి బిట్లు రెట్టింపైతే జాగా రెట్టింపు. గుణకారానికి బిట్లు రెట్టింపైతే జాగా నాలుగింతలు. డబుల్‌లో అసలు అంకెలకి 53 బిట్లు. స్కూల్లో నేర్చుకున్న పద్ధతిలో గుణిస్తే 53 సార్లు 53, అంటే 2,809 చిన్న గుణకారాలు. మనకి 10 బిట్లు చాలనుకోండి, 100 చాలు. ఒక్క డబుల్ గుణకారం పట్టే జాగాలో ఇరవై ఎనిమిది చిన్న గుణకారాలు పక్కపక్కన కూర్చుంటాయి, అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. మామూలు ప్రాసెసర్‌లో బిట్లు తగ్గించుకున్నా ఇంత లాభం రాదు, అక్కడ గుణకారం సర్క్యూట్ ఆల్రెడీ కట్టేసి ఉంది కాబట్టి.

బిట్లు తగ్గిస్తే జవాబు తప్పు రాదా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి రెండు ఉదాహరణలు చెప్తాను, రెండూ రెండు వైపులవి.

1989లో టోక్యో విశ్వవిద్యాలయంలో సుగిమోతో బృందం గ్రేప్-1 అనే యంత్రం కట్టింది. అది చేసేది ఒకటే లెక్క, నక్షత్రాలు ఒకదాన్నొకటి ఎంత బలంతో లాక్కుంటున్నాయి అని. ఒక జత మధ్య బలాన్ని వాళ్ళు లెక్కకట్టింది కేవలం 8 బిట్లతో! అదీ లాగరిథమ్ రూపంలో, అప్పుడు గుణకారం కూడికైపోతుంది. ఆ లెక్కలు చాలావరకు మెమరీ చిప్‌లలో రాసిపెట్టిన పట్టికలే, అంటే మళ్ళీ ఎక్కాల పుస్తకాలే. ఒక్కో జత లెక్కలో తప్పు ఉంటుంది. కానీ ఒక నక్షత్రం మీద వేల నక్షత్రాల ప్రభావం పడుతుంది, ఒక తప్పు పైకి, ఒక తప్పు కిందికి పోయి మొత్తం మీద సర్దుకుంటాయి. అందుకని ఒక్కో బలానికి 8 బిట్లు ఇచ్చి, వాటిని కూడే చోట మాత్రం 48 బిట్లు ఇచ్చారు. ఎక్కడ పిసినారితనం చెయ్యాలో, ఎక్కడ చెయ్యకూడదో వాళ్ళకి తెలుసు. తర్వాత 2000 ప్రాంతంలో ఇదే కుటుంబంలో ప్రోగ్రేప్ అని ఎఫ్‌పీజీఏల మీద నడిచేది కూడా వచ్చింది.

రెండో ఉదాహరణ విషాదం. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైనికుల బారక్‌ల మీద ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి పడి 28 మంది చనిపోయారు. దాన్ని అడ్డుకోవాల్సిన పేట్రియట్ బ్యాటరీ అసలు ప్రయోగమే చెయ్యలేదు. కారణం తవ్వితే తేలింది ఇది. ఆ కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతుంది. సెకన్లు కావాలంటే 0.1తో గుణించాలి. పదిలో ఒక వంతు బైనరీలో అంతూపొంతూ లేకుండా సాగుతుంది, మనకి పదిని మూడుతో భాగిస్తే మూడులు వస్తూనే ఉన్నట్టు. దాన్ని 24 బిట్ల దగ్గర కత్తిరించారు. ఆ తప్పు సెకనులో కోటో వంతుకి కూడా రాదు. కానీ ఆ బ్యాటరీ వంద గంటలుగా ఆగకుండా నడుస్తోంది. 36 లక్షల సార్లు పేరుకుని తప్పు 0.34 సెకనయ్యింది. ఆ లోపు స్కడ్ అర కిలోమీటరు పైనే వెళ్ళిపోతుంది. క్షిపణి లేని చోట వెతికి, ఏమీ లేదని ఊరుకుంది. ఈ లోపం సంగతి ముందే తెలిసింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది ఆ మర్నాడు.

8 బిట్లతో నక్షత్రాలు సరిగ్గా తిరిగాయి, 24 బిట్లతో మనుషులు పోయారు. అంటే బిట్లు ఎక్కువా తక్కువా అన్నది కాదు అసలు సంగతి. తప్పు ఎక్కడ పుడుతుంది, పుట్టాక సర్దుకుంటుందా పేరుకుంటుందా అని కూర్చుని ఆలోచించినవాళ్ళు ఉన్నారా లేదా అన్నది.

ఎఫ్‌పీజీఏ వాళ్ళకి ఈ ఆలోచన తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. అందుకే నాకు వాళ్ళ చరిత్ర నచ్చింది. పారిస్‌లో డెక్ కంపెనీ పరిశోధనాశాలలో వ్యుయెమాన్, మార్క్ షాండ్ వగైరాలు ఎఫ్‌పీజీఏలు వరసగా పేర్చి ఒక బోర్డు చేశారు. 1993లో దాని మీద ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేతాలని విప్పి చూపించారు. అక్కడ సంఖ్యలు 512 బిట్లు, 1024 బిట్లు. మామూలు ప్రాసెసర్ వాటిని ముక్కలు చేసుకుని కిందా మీదా పడుతుంది. వీళ్ళు అంత వెడల్పు సర్క్యూట్‌నే గీసుకున్నారు. అంతటితో ఆగలేదు. తాళంచెవిలో ఉన్న ప్రధాన సంఖ్యని డేటాగా ఇవ్వకుండా దాని బిట్లని సర్క్యూట్‌లోనే కలిపేశారు. తాళంచెవి మారితే యంత్రమే మారుతుంది! 512 బిట్ల తాళంచెవితో సెకనుకి 600 కిలోబిట్లకి పైగా విప్పారు. అప్పటిదాకా నడిచిన వేటికన్నా ఇది దాదాపు పదింతలు. ఈ దర్జీతనం ఏ ప్రాసెసర్‌కి సాధ్యం చెప్పండి?

1995లో వర్జీనియాలో షిరాజీ, వాల్టర్స్, అతనాస్ అనే ముగ్గురు స్ప్లాష్-2 అనే ఎఫ్‌పీజీఏ యంత్రం మీద ఫ్లోటింగ్ పాయింట్ ప్రయత్నించారు. 32 బిట్లు పెడితే చిప్‌లో జాగా చాలదు. వాళ్ళేం చేశారంటే తమ లెక్కకి సరిపోయేలా 16 బిట్ల రూపం ఒకటి, 18 బిట్ల రూపం ఒకటి సొంతంగా తయారు చేసుకున్నారు. పద్దెనిమిది బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ అని ఏ స్టాండర్డ్‌లోనూ లేదు. అవసరమైంది కాబట్టి ఉంది, అంతే. గుణకారం చవకయ్యాక మూలన పడిన వోల్డర్ కార్డిక్ కూడా ఎఫ్‌పీజీఏల పుణ్యమా అని మళ్ళీ లేచి కూర్చుంది. 1998లో రే అండ్రాకా దాని మీద రాసిన సర్వే పేపర్‌ని ఈ రంగంలో వాళ్ళు ఇప్పటికీ చదువుతారు.

ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా నిలబెట్టింది ఫ్రాన్స్‌లో లియోన్ వాళ్ళు. ఫ్లోరెంట్ ద దినెషన్ బృందం చేసిన ఫ్లోపోకో అనే టూల్‌కి, నాకు ఇన్ని బిట్ల లాగరిథమ్ కావాలి అని చెప్తే దానికి సర్క్యూట్ రాసిస్తుంది. వాళ్ళ పనుల్లో నాకు బాగా నచ్చింది మూడుతో భాగహారం. స్కూల్లో ఎడమ వైపు నుంచి ఒక్కో అంకె దింపుకుంటూ భాగించేవాళ్ళం కదా, అదే పద్ధతి. ఇక్కడ నాలుగేసి బిట్లు దింపుకుంటారు. మూడుతో భాగిస్తే శేషం సున్నా, ఒకటి, రెండే కాబట్టి దానికి రెండు బిట్లు చాలు. నాలుగూ రెండూ ఆరు. 2006 నుంచి వచ్చిన జైలింక్స్ పెద్ద చిప్‌లలో ఎక్కాల పుస్తకానికి సరిగ్గా ఆరు తీగలే! మూడో తరగతి భాగహారం చిప్‌లో అచ్చుగుద్దినట్టు ఇమిడిపోయింది.

మరి ఇంత గొప్పదైతే మనందరి బల్లల మీదా ఎఫ్‌పీజీఏలు ఎందుకు లేవు? నిజం చెప్పాలంటే వీటికి ప్రోగ్రామ్ రాయడం చాకిరీ. ఒక చిన్న మార్పు చేసి, చిప్ మీదకి సర్దమని టూల్‌కి చెప్తే పెద్ద డిజైన్లకి గంటలు పడుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాస్తే సర్క్యూట్ చేసిచ్చే టూల్స్ తర్వాత వచ్చాయి. జైలింక్స్ టూల్‌లో 'ఏపీ ఇంట్' అనే టైపు ఉంది, 13 అని రాస్తే 13 బిట్ల సంఖ్య ఇస్తుంది. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, ఆర్బిట్రరీ ప్రెసిషన్. (అన్నట్టు, ఆ జైలింక్స్‌కి హైదరాబాదులో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉండేది. 2022లో ఏఎండీ ఆ కంపెనీని కొనేసింది.) ఈ లోపు 2007లో కుడా వచ్చి గ్రాఫిక్స్ కార్డుల మీద లెక్కలు చెయ్యడం తేలిక చేసేసింది, జనం అటు పోయారు. ఎఫ్‌పీజీఏ కంపెనీలూ 2001 ప్రాంతం నుంచి చిప్‌లోనే 18 బిట్ల రెడీమేడ్ గుణకారం సర్క్యూట్లు పెట్టడం మొదలుపెట్టాయి. దర్జీ కొట్లోనే రెడీమేడ్ చొక్కాలు అమ్మినట్టు.

అలాగని ఓడిపోయాయి అనలేను. 2017లో మైక్రోసాఫ్ట్ బ్రెయిన్‌వేవ్ అనే ప్రాజెక్ట్ చూపించింది. న్యూరల్ నెట్‌వర్క్‌లని ఎఫ్‌పీజీఏల మీద 8, 9 బిట్ల సొంత ఫ్లోటింగ్ పాయింట్‌తో నడిపారు. గూగుల్ బీఫ్లోట్ అని 16 బిట్లకి దిగింది. 2024లో ఎన్‌విడియా 4 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ చేసే చిప్ ప్రకటించింది. నాలుగు బిట్లంటే మొత్తం పదహారు విలువలు! ఎఫ్‌పీజీఏ అందరి కంప్యూటర్ కాలేకపోయింది గానీ, అది అడిగిన ప్రశ్న ఇవాళ అందరి ప్రశ్న అయ్యింది.

నా మట్టుకు నాకు 1985 కవలల్లో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. స్టాండర్డ్ లేకపోతే నా ప్రోగ్రామ్ మీ దగ్గర వేరే జవాబు ఇస్తుంది. ఇచ్చిపుచ్చుకునే చోట అందరికీ ఒకే కొలత ఉండాలి. చిక్కంతా ఏమిటంటే, ఆ సౌకర్యం మూలంగా ఎన్ని బిట్లు కావాలో అడగడమే మానేశాం. ఎవరో పెద్దమనిషి మన తరఫున ఆలోచించేశాడులే అనుకున్నాం. కాహన్ కొలత ఇచ్చాడు గానీ, మన లెక్కని ఆయన చూడలేదు కదా.

ఇదంతా చదివాక నా కోడ్ మళ్ళీ తెరిచాను. రీడింగ్ 12 బిట్లు. వెయ్యి రీడింగులు కూడితే ఇంకో పది బిట్లు, మొత్తం 22. డబుల్ తీసేసి మామూలు 32 బిట్ల ఇంట్ పెట్టాను. మర్నాడు మా సీనియర్ దగ్గరికి వెళ్ళి ఈ లెక్కంతా గర్వంగా అప్పజెప్పాను. ఆయన విని, "బానే ఉంది. రేపు ఎవరైనా దీన్ని వెయ్యికి బదులు పది లక్షల రీడింగులకి వాడితే?" అన్నారు. అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పది లక్షలంటే 20 బిట్లు, పన్నెండూ ఇరవై ముప్ఫైరెండు. "సరిగ్గా సరిపోతుందండీ!" అన్నాను.

"సైన్డా, అన్‌సైన్డా?" అన్నారాయన.

సైన్డ్. అందులో ఒక బిట్ గుర్తుకే పోతుంది. ఆయన మళ్ళీ నవ్వారు.